పట్టు వస్తేనే

మెట్ల మీద జారి కుడి మణికట్టు విరగ్గొట్టుకున్నాను. సిమెంటు కట్టు విప్పిన రోజు నా చెయ్యి నాకే పరాయిదానిలా కనిపించింది. ముంజేయి చిక్కిపోయింది, మణికట్టు బిగుసుకుపోయింది. మంచినీళ్ల గ్లాసు ఎత్తబోతే జారి పడింది. నేనేమో టైలరింగు షాపులో కటింగ్ మాస్టర్ని. గ్లాసే ఎత్తలేని చెయ్యి పెద్ద కత్తెరనేం ఎత్తుతుంది? ఎత్తకపోతే నా బల్ల పోతుంది, గుండీలు కుట్టే మూలన కూర్చోవాలి. విరిగినప్పటి నొప్పికి కూడా నేనంత భయపడలేదు.

"ఎముక అతుక్కుందండీ. ఇన్నాళ్లూ పని లేక కండ నీరసించింది, మళ్లీ పని నేర్పాలి. పట్టు వచ్చేదాకా కత్తెర జోలికి వెళ్లకండి" అంది ఫిజియో అమ్మాయి.

అప్పటినుంచి నాకదే పని. వేణ్ణీళ్లలో చెయ్యి పెట్టి వేళ్లు ముడవడం, చాచడం, తువ్వాలు చుట్టగా చుట్టి పిండడం. పిండినప్పుడల్లా ప్రాణం పోయినంత పనయ్యేది. మా అత్త చూసి చూసి, "ఆ పిండేదేదో తడిబట్టలే పిండరాదూ, నాకు పని తప్పుతుంది" అనేది. నవ్వొచ్చి ఇంకోసారి పిండేదాన్ని.

ఒకరోజు షాపు ఓనరు ఫోన్ చేశాడు. వచ్చినవాళ్లందరికీ "రేపిచ్చేస్తాం" అంటాడని ఆయన్ని మేమంతా రేపయ్య అంటాం. నా చెయ్యి నీళ్లలో ఉండి అత్త ఫోన్ ఎత్తింది. "పట్టు వస్తేనే వస్తుంది బాబూ. పట్టు రాందే కత్తెర ముట్టుకోదట" అంది.

"అంత పంతమా?" అని పెట్టేశాడట.

కొన్నాళ్లకి మళ్లీ చేశాడు. "పట్టు వచ్చిందిగా, ఇంక రా అమ్మా."

నా చెయ్యి బాగైపోయిందని మా అత్త గొప్పలు పోయిందనుకున్నాను. నిజానికి వచ్చింది సగం పట్టే. మెల్లగా మొదలుపెట్టవచ్చని ఫిజియో అమ్మాయి కూడా అనడంతో బయల్దేరాను.

వెళ్లేసరికి నా బల్ల మీద మీగడరంగు పట్టుగుడ్డ పరిచి ఉంది. "ఇదిగో, నువ్వడిగిన పట్టు. పెళ్లి గౌను" అన్నాడు రేపయ్య.

"నేనడిగింది వేళ్లకి పట్టు, మహానుభావా."

కుట్టుమిషన్ల దగ్గరున్న వాళ్లంతా పగలబడి నవ్వారు. నేను లేనప్పుడు పెట్టుకున్న కొత్త మాస్టరు మాత్రం నవ్వలేదు. "నేను కోసేస్తాను. ఆవిడకి గుండీలివ్వండి, పాపం" అన్నాడు.

ఆ 'పాపం' దగ్గర నాకు ఒళ్లు మండింది.

రేపయ్య తల గోక్కున్నాడు. "సాయంత్రం పెళ్లివాళ్లొస్తారు. తప్పు కోస్తే ఇంకో ముక్క లేదు. నీవల్ల కాదంటే చెప్పెయ్, బల్ల ఆయనకిస్తా."

"అవుతుంది" అన్నాను. నా పొగరు నాకంటే ముందే మాట్లాడింది.

పట్టు నీళ్లలా జారే గుడ్డ. అంచుల మీద బరువులు పెట్టాను. కత్తెరని గాల్లోకి ఎత్తకుండా కింది అంచుని బల్లకి ఆనించాను. బరువు బల్ల మోసింది, నేను తోశానంతే. తిన్నటి గీతలన్నీ సాఫీగా తెగాయి. గౌను పైభాగం కుడి ముక్క పూర్తయింది. ఎడమ ముక్కకి చంక దగ్గర వంపు చేతివాటానికి ఎదురు తిరగాలి, అక్కడ మణికట్టు మొరాయించింది. బొటనవేలి కింద కండ పట్టేసి చెయ్యి వణికింది.

"ఇటివ్వండి. చిటికెలో పని" అని కొత్త మాస్టరు చెయ్యి చాచాడు.

"మీ చిటికె మీ దగ్గరే ఉంచుకోండి."

కోత మధ్యలోనే కత్తెర దించి స్టూలు మీద కూర్చున్నాను. మిషన్లు ఆగిపోయాయి. అందరూ చూస్తుండగా వేళ్లు ఒక్కొక్కటే చాచాను, ముడిచాను. సిగ్గేసింది, ఏడుపొచ్చింది. పట్టు మీద మరక పడుతుందని మింగేశాను.

రేపయ్య పరుగెత్తుకొచ్చాడు. "వాళ్లొచ్చేశారు. ఏం చెప్పను?"

"కూర్చోమనండి. వణుకు తగ్గాలి."

తగ్గాకే లేచాను. మణికట్టు తిరిగినంతే తిప్పి, మిగతాది భుజంతో తిప్పుతూ, వంపుని కొంచెం కొంచెంగా కోసుకొచ్చాను. ముక్క విడిపోయింది.

కొత్త మాస్టరు దాన్ని తీసుకుని, కుడి ముక్క మీద పెట్టి వెలుతురులో పట్టుకున్నాడు. రెండు వంపులూ అంచుకి అంచు కలిశాయి. రెండూ జాగ్రత్తగా నా ముందు పెట్టి, బల్ల మీదున్న తన టేపు, సుద్ద తీసి జేబులో వేసుకున్నాడు.