కూర్చుని లాగిన తాడు

మహిమకు మామగారి మీద ఒక్కటే ఫిర్యాదు. ఇంటి చరిత్ర ఎవరూ అడక్కపోతే ఆయన ఒకసారి చెబుతారు, అడిగితే రెండుసార్లు చెబుతారు.

ఆ చరిత్ర ఇది. మామగారు జక్రయ్య రిటైర్డు టీచరు. ఆయన తాత తెల్లదొరగారి బంగళాలో తాడు లాగేవాడు. అది ప్రార్థన గంట తాడు. కాబట్టి పేటలో చర్చి గంట కొట్టే హక్కు ఈ ఇంటిదే.

ఈస్టరుకు ఒక్కసారి తన కూతురు జాస్మిన్ చేత గంట కొట్టించమని ఆటో నడిపే ఇమ్మానుయేలు అడిగాడు. "మీవాళ్ళు దొరలకు పంకాలు లాగినోళ్ళురా, గంట జోలికి రాకండి," అన్నారు జక్రయ్యగారు, చర్చి మెట్ల మీద, అందరూ వినేలా. ఆ రోజు నుంచి జాస్మిన్ చర్చికి రావడం మానేసింది.

ఇంతలో ఆ బంగళాను మ్యూజియం చేశారని తెలిసింది. గుంటూరు దాటాక, బైపాసు పక్కన, మిరప కల్లాల మధ్య ఉంది. రుజువు చూపిస్తానని ఆయన ఇమ్మానుయేలు ఆటోనే మాట్లాడారు. కోడలు సాక్షి.

కల్లాల ఘాటుకు ముగ్గురూ తుమ్ముతూనే ఉన్నారు. తుమ్ముల మధ్యే తాతగారి మాట మళ్ళీ వచ్చింది. "'నేను కూర్చుని తాడు లాగితేనే లోపల దొరగారికి బైబిలు వాక్యం నడిచేది' అనేవాడమ్మా."

"గంట కూర్చుని కొడతారా మామయ్యగారూ?" అంది మహిమ అమాయకంగా.

"అప్పటి గంటలు వేరు."

ఇమ్మానుయేలు అద్దంలోకి చూసి నవ్వు మింగాడు.

బంగళాలో గంట లేదు, వేలాడదీసిన జాడా లేదు. భోజనాల గదిలో కప్పు నుంచి పెద్ద గుడ్డ పంకా వేలాడుతోంది. దాని తాడు గోడ చిల్లులోంచి వెనక వరండాలోకి పోయింది. మహిమ తాడు వెంటే నడిచింది, వెనకే ఆ ఇద్దరూ. తాడు చివర, మనిషి కూర్చునేంత మేర గచ్చు అరిగిపోయి ఉంది. వీపు ఆనినచోట గోడ నున్నగా, నల్లగా ఉంది. పైన చిన్న చెక్క బోర్డు: 'పంకా లాగే మనిషి చోటు.'

మహిమకు ఒక వెటకారం నోటిదాకా వచ్చింది. ఆ గోడను చూశాక మింగేసింది.

జక్రయ్యగారు చెప్పులు విప్పి, ఆ అరిగిన చోట మెల్లగా కూర్చున్నారు. తాడు లాగారు. లోపల పంకా కిర్రుమంది.

"ముట్టుకోవద్దని రాసుంది మాస్టారూ," అన్నాడు ఇమ్మానుయేలు నెమ్మదిగా.

ఆయన తాడు వదల్లేదు. "ఇక్కడే కూర్చుని విన్నాడన్నమాట వాక్యం," అన్నారు.

లేవడానికి ఇమ్మానుయేలు చెయ్యి అందించాడు. తిరుగు ప్రయాణంలో చరిత్ర ఎవరూ ఎత్తలేదు.

ఆదివారం జాస్మిన్‌ను తీసుకురమ్మని ఆయనే కబురు పెట్టారు. అవే మెట్లు, అదే జనం. జక్రయ్యగారు జాస్మిన్ వైపు తిరిగి, అందరూ వినేలా అన్నారు.

"మా తాతా పంకానే లాగాడు. ఆ సంగతిలో పొరబడ్డాను, పోనీ. మీవాళ్ళను అలా అన్నాను చూడమ్మా, అసలు తప్పు అది. తప్పు నాదే."