అలక అంటే ఏమిటంటే

మా ఆవిడకు తోడబుట్టిన అక్క లేదు. అయినా నాకొక వదిన ఉంది. ఆ వదిన మొగుడు నాకు తోడల్లుడు. మామగారు ఒకరు కాదు, భాష ఒకటి కాదు, దేశమూ ఒకటి కాదు. మేం వచ్చిన దేశం వేరు, వాళ్ళు వచ్చిన దేశం వేరు, నలుగురం బతుకుతున్న ఈ ఊరు మూడో దేశంలోది. పరిచయమైన వారంలోనే మా ఆవిడ ఆమెను "అక్కా" అనేసింది. ఆపైన చుట్టరికాలు వాటంతటవే కలిసిపోయాయి. నన్నెవరూ అడగలేదు.

ఇద్దరూ కలిసి దర్జీ దుకాణం నడుపుతారు. సైకిళ్ళు బాగుచేసే కొట్టు పైన ఒక గది. కిటికీ దగ్గర ఎదురెదురుగా రెండు కుట్టు మిషన్లు, మధ్యలో కత్తిరింపు బల్ల, గోడకు నిలువుటద్దం, మూలన ఒక తెర. వదిన కోట్లూ ప్యాంట్లూ చూసుకుంటుంది, మా ఆవిడ గౌన్లూ చొక్కాలూ చూసుకుంటుంది. ఎవరు గీసుకున్నది వాళ్ళే కత్తిరించుకుంటారు, వాళ్ళే కుట్టుకుంటారు. మాటలు మాత్రం ఉమ్మడి. ఈ ఊరి భాష ఇద్దరికీ అంతంతమాత్రమే. అందులో నాలుగు ముక్కలు, మన తెలుగు రెండు ముక్కలు, వాళ్ళ భాష రెండు ముక్కలు కలిపి పొద్దస్తమానం వాగుతూనే ఉంటారు. ఇన్నేళ్ళ కాపురంలో నాతో సొంత భాషలో మా ఆవిడ అందులో సగం కూడా మాట్లాడి ఉండదు.

వదిన కూతురికి పెళ్ళి కుదిరింది. పెళ్ళిగౌనుకు బట్ట ఎప్పటినుంచో పెట్టెలో సిద్ధంగా ఉంది. వదిన వాళ్ళమ్మ మనవరాలి కోసం తన మగ్గం మీద తానే నేసిన మీగడరంగు నారబట్ట అది. ఆ ముసలమ్మ ఇప్పుడు లేదు. బట్ట కూడా సరిగ్గా ఒక్క గౌనుకు వచ్చేంతే ఉంది.

వదిన వాళ్ళింట్లో ఒక పట్టింపు ఉందట. పెళ్ళిబట్టకు కన్నతల్లి కత్తెర పెట్టకూడదు. గీతలు గీయొచ్చు, కుట్టొచ్చు, కోయడం మాత్రం తల్లిలాంటి మరో మనిషి చెయ్యాలి. "నువ్వే పట్టాలి" అని కత్తెర తెచ్చి మా ఆవిడ చేతిలో పెట్టింది వదిన. ఆ రాత్రి ఇంటికొచ్చిన మా ఆవిడ కాళ్ళు నేల మీద లేవు. మర్నాడు తలంటుకుని, ఇస్త్రీ చీర కట్టుకుని, గుళ్ళోకి వెళ్ళినట్టు దుకాణానికి వెళ్ళింది. వదిన సుద్దతో గీతలు గీసి, ఎవరివో కోట్లు ఇచ్చిరావడానికి బయటికెళ్ళింది. మా ఆవిడ ఊపిరి బిగబట్టి, వెంట్రుకవాసి అటూ ఇటూ పోకుండా గీతల మీదుగా కత్తిరించింది.

సాయంత్రం మా ఆవిడను తీసుకురావడానికి వెళ్ళేసరికి పెళ్ళికూతురు అద్దం ముందు నిలబడి ఉంది. ముక్కలకు గుండుసూదులు గుచ్చి ఒంటికి ఆనించి చూస్తున్నారు. చంకల దగ్గర కలవలేదు, వీపు దగ్గర కలవలేదు. నడుం దగ్గరైతే పిల్ల ఊపిరి పీల్చడం మానేసినా కలవలేదు.

అప్పుడు బయటపడింది అసలు సంగతి. వదిన నేర్చుకున్న పద్ధతిలో గీత అంటే కుట్టు పడే చోటు. కత్తెర దానికి వేలి మందం బయటగా నడవాలి, ఆ కాస్తా కుట్టు లోపలికి పోతుంది. మా ఆవిడ నేర్చుకున్న పద్ధతిలో ఆ వేలి మందం ముందే కలిపి గీస్తారు. గీత అంటే కత్తెర నడిచే దారి. ఇన్నేళ్ళు ఎదురెదురుగా కూర్చుని, అత్తగారి ఆరళ్ళ దగ్గర్నుంచి మోకాళ్ళ నొప్పుల దాకా అన్నీ చెప్పుకున్నారు గానీ, ఈ ఒక్క ముక్క చెప్పుకోవలసిన అవసరమే రాలేదు.

వదిన ఒక్క మాట అనలేదు. ముక్కలన్నీ మడతపెట్టి తెల్లగుడ్డలో చుట్టింది. మా ఆవిడ భుజం మీద చెయ్యివేసి, తీసి, కూతుర్ని వెంటబెట్టుకుని వెళ్ళిపోయింది. మర్నాడు దుకాణానికి రాలేదు. కొన్నాళ్ళు ఇంటి దగ్గరే పనిచేసుకుంటానని ఫోన్‌లో సందేశం మాత్రం పెట్టింది.

"గీత గీసి కత్తెర చేతికిస్తే గీత మీద కాక ఇంకెక్కడ కత్తిరిస్తారండీ? పక్కన కొయ్యాలని చెప్పొద్దూ?" అంది మా ఆవిడ.

"చెప్పాలి మరి," అన్నాను.

"అంటే తప్పు అక్కదంటారా? వాళ్ళమ్మ చేతి బట్టను ముక్కలు చేసింది నేనైతే!"

"సరే, తప్పు నీదే."

"అంతేలెండి. మీకెప్పుడు చూసినా నా తప్పే కనిపిస్తుంది."

అడకత్తెరలో పోకచెక్క అంటే ఏమిటో ఆ వారం నాకు బాగా తెలిసొచ్చింది. దుకాణానికి వెళ్తుంది, ఎదుటి మిషను ఖాళీగా కనబడేసరికి ఏమీ కుట్టకుండా తిరిగొస్తుంది. కంచం ముందు కూర్చుంటుంది, రెండు ముద్దలు కెలికి లేస్తుంది. గోడవైపు తిరిగి పడుకుంటుంది. నాకు ముక్కు మీద కోపం అని అందరూ అంటారు గానీ, మా ఆవిడ అలక ముందు నా కోపం ఏ మూలకి?

"పోనీ నువ్వే ఒకసారి వెళ్ళి మాట్లాడు."

"నేనెందుకు వెళ్తాను? తిడితే పడేదాన్ని. కొట్టినా పడేదాన్ని. అలా మాటాపలుకూ లేకుండా వెళ్ళిపోతుందా? వచ్చి ఒక్కమాట అంటే అరిగిపోతుందా? అక్కట, అక్క! నేనే వెర్రిదాన్ని, అనుకున్నాను అంతా."

నా మీద అలిగితే ఏం చెయ్యాలో నాకు తెలుసు. అందులో నేను చెయ్యి తిరిగినవాణ్ణి. కానీ ఇది నేను బతిమాలితే దిగే అలక కాదు. పెళ్ళి చూస్తే దగ్గరికొస్తోంది. గౌను లేదు, మాటల్లేవు. ఇలాగే ఇంకొన్నాళ్ళు పోతే ఇద్దరూ ఒకరికొకరు పరాయివాళ్ళైపోతారని నాకు నిజంగానే భయం వేసింది.

ఆదివారం తోడల్లుడి ఇంటికి వెళ్ళాను. ఆయన ఊరందరి కుళాయిలూ బాగుచేస్తాడు, సొంతింటి కుళాయి మాత్రం కారుతూనే ఉంటుంది. ఆ రోజు దాని పని పట్టాలని వంటింటి తొట్టి కింద దూరి పడుకున్నాడు. బయటికి కాళ్ళే కనబడుతున్నాయి. నా చేతికి టార్చి ఇచ్చాడు.

"నీ భార్య ఎలా ఉంది? కాస్త తేరుకుందా?" అడిగాడు కిందినుంచి. "మా ఆవిడ రోజూ అదే బెంగ."

"అంత బెంగైతే వచ్చి చూడొచ్చుగా!" నాకు ఒళ్ళు మండింది.

ఆయన గబుక్కున బయటికి జరిగి నా ముఖంలోకి చూశాడు. "అదేం మాట? ఆమె సిగ్గుతో చితికిపోయి ఉంది కదా. అలాంటప్పుడు ఎదుటపడితే ఇంకా బాధపెట్టినట్టు కాదూ? తనంతట తాను తలుపు తీసేదాకా దూరంగా ఉండాలి. మా దగ్గర అదీ మర్యాద."

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఇక్కడ ఈవిడ మర్యాద చేస్తోంది, అక్కడ ఆవిడ గోడవైపు తిరిగి పడుకుంది. అంటే ఇద్దరూ ఒకరికోసం ఒకరు కాచుకుని కూర్చున్నారన్నమాట.

"చూడు, మా ఆవిడ సిగ్గుపడటం లేదు, అలిగింది," అన్నాను. ఆ మాటకు ఈ ఊరి భాషలో ఏమనాలో తోచక తెలుగులోనే చెప్పాను. "అలక."

"అంటే? కోపమా?"

"కోపం కాదు."

"దుఃఖమా?"

"కొంచెం అదీ, కొంచెం ఇదీ. మాట్లాడరు, మాట్లాడించమని. తినరు, తినిపించమని. ముఖం అటు తిప్పుకుంటారు గానీ చెవి మాత్రం ఇటే ఉంటుంది, ఎవరైనా వస్తున్నారేమోనని."

"వెళ్తే పొమ్మంటే?"

"పోకూడదు. అక్కడే కూర్చోవాలి."

"మళ్ళీ పొమ్మంటే?"

"ఇంకాస్త దగ్గరికి జరగాలి."

తోడల్లుడు పానా కింద పెట్టి తల గోక్కున్నాడు. "చాలా కష్టమైన పనే. ఇదంతా ఎవరి మీదైనా చేస్తారా? దారినపోయేవాళ్ళ మీద కూడా?"

"భలేవాడివే! పరాయివాళ్ళ మీద ఎవరైనా అలుగుతారా? వాళ్ళు బతిమాలతారని నమ్మకం ఏముంది? మనవాళ్ళు అనుకుంటేనే అలక."

వెనక చప్పుడైతే తిరిగి చూశాను. గుమ్మంలో వదిన నిలబడి ఉంది. ఎప్పటినుంచి వింటోందో.

"నా మీద అలిగిందా?" అంది.

"నీ మీదే వదినా."

"నా మీదా!" అంది మళ్ళీ. ఇన్నాళ్ళలో ఆవిడ ముఖంలో అంత సంతోషం నేను చూడలేదు. తెల్లగుడ్డ మూట చంకన పెట్టుకుని చెప్పులేసుకుంది. కోటు కూడా తగిలించుకోలేదు.

మా ఇంట్లో జరిగిన బతిమాలడం ఏ అత్తగారింట్లోనూ జరిగి ఉండదు. వదిన గోడవైపు తిరిగిన మా ఆవిడ వీపు వెనక మంచం అంచున కూర్చుంది. "వెళ్ళక్కా," అంది మా ఆవిడ. వదిన నావైపు చూసింది. నేను చేత్తో సైగ చేశాను. జరిగింది. "వెళ్ళమన్నానా!" మళ్ళీ జరిగింది. ఆ జరగడంలో మా ఆవిడ గోడకు అతుక్కుపోయి, ఇక ఊపిరాడక ఇటు తిరగక తప్పలేదు. తిరిగితే ఎదురుగా వదిన ముఖం, కళ్ళనిండా నీళ్ళు. తరవాత ఇద్దరూ కలిసి ఏడ్చిన ఏడుపుకు పక్కింటివాళ్ళు వచ్చి తలుపు కొట్టారు. నేను వెళ్ళి ఏం లేదని చెప్పి పంపించాను.

ఆ తరవాత తప్పు ఎవరిదన్న దాని మీద పోట్లాట. నాదంటే నాదని. అదయ్యాక మూట విప్పారు. ముక్కల్ని చూస్తూ చూస్తూ మా ఆవిడ, "మా అమ్మమ్మ పాత దుప్పట్లు అతికేది," అంది. రెండు అంచుల్నీ కలిపి కుట్టకుండా మధ్యలో కాస్త ఎడం వదిలి, ఆ ఎడంలో సూదితో దారాన్ని అటూ ఇటూ అల్లుకుంటూ పోయేదట. అలా చేస్తే పోయిన వెడల్పు మళ్ళీ వస్తుంది. అంచు పోగులు ఊడకుండా సన్నగా చుట్టడం వదిన పని, అందులో ఆమెకు ఎదురులేదు. అల్లిక మా ఆవిడ పని. బల్లకు చెరోవైపు కూర్చుని మొదలుపెట్టారు. పెళ్ళికి ముందురోజు పిల్ల తొడుక్కుని, గుండెనిండా గాలి పీల్చి నవ్వింది.

అంతా బాగుందనుకున్నాను. మా ఆవిడ మనసులో మాత్రం ముల్లు అలాగే ఉండిపోయింది.

పెళ్ళి ఒక హాల్లో. ముందు వరస కుర్చీలు ఇంటివాళ్ళవి. మా ఆవిడ నా చెయ్యి పట్టుకుని ఈడ్చుకెళ్ళి, తలుపు పక్కన ఆఖరి వరసలో కూలేసింది.

"ఇక్కడెందుకే?"

"ఊరుకోండి. అతుకులు చూసి, ఇలా కోసిందెవరని పెళ్ళికొడుకు వాళ్ళు అడిగితే? పక్కన నేనుంటే అక్కకు తలవంపులు. ఇక్కణ్ణించి చూసి వెళ్ళిపోదాం."

పెళ్ళికూతురు వచ్చింది. భుజాల నుంచి పాదాల దాకా ఆ అల్లికల్లోంచి వెలుగు పడుతుంటే, ఎంత బాగుందో చెప్పలేను. పెళ్ళి జరిపించే అధికారి కాగితాలు సర్దుకుని లేచి నిలబడ్డాడు. అందరూ లేచారు. ఒక్క వదిన లేవలేదు.

కుర్చీలో చేతులు కట్టుకుని, ముఖం గోడవైపు తిప్పుకుని కూర్చుంది. తోడల్లుడు వంగి ఏదో అడిగాడు. పలకలేదు. కూతురు వచ్చి అడిగింది. తల ఇంకా అటు తిప్పింది. పెళ్ళికొడుకు వాళ్ళు గుసగుసలు మొదలుపెట్టారు. ఒంట్లో బాగా లేదేమోనని ఎవరో మంచినీళ్ళు తెచ్చారు. అధికారి గడియారం చూసుకున్నాడు. తోడల్లుడు కంగారుగా హాలంతా కలియజూసి, ఆఖరి వరసలో నన్ను పట్టుకున్నాడు. అంతమంది తలల మీదుగా, తనకొచ్చిన ఒకే ఒక్క తెలుగు మాట గట్టిగా అరిచాడు.

"అలక!"

"అయ్యో రామ! ఇప్పుడా? ఎవరి మీదండీ?" అంది మా ఆవిడ.

"ఇంకెవరి మీద? వెనకొచ్చి కూర్చున్న నీ మీదే."

మా ఆవిడ ముఖం చూడాలి అప్పుడు. చీర కుచ్చిళ్ళు చేత్తో ఎత్తిపట్టుకుని, అందరి కాళ్ళూ తొక్కుకుంటూ ముందుకు పరుగెత్తింది. వెనకాలే అందరికీ క్షమాపణలు చెప్పుకుంటూ నేను.

"లే అక్కా. బాగుండదు, అందరూ చూస్తున్నారు. తప్పయిపోయింది, లే."

వదిన ముఖం ఇటు తిప్పలేదు. పక్క కుర్చీలో పెట్టుకున్న తన సంచి మాత్రం తీసి ఒళ్ళో పెట్టుకుంది. మా ఆవిడ కళ్ళు తుడుచుకుని ఆ కుర్చీలో కూర్చుంది.

అప్పుడు వదిన అధికారివైపు తిరిగి చెప్పింది.

"మా వాళ్ళందరూ వచ్చేశారు. ఇక కానివ్వండి."