లేని దుప్పటి

కొనేచోట సరుకును మెచ్చుకున్న వర్తకుడు మునిగినట్టే. చేతికొచ్చిన ప్రతి తానులోనూ ముందు వంక వెతకాలి. బట్టల కొట్లో ముప్పై ఏళ్లు అలా వెతికీ వెతికీ ఆయనకు ‘వంకల షావుకారు’ అన్న పేరు స్థిరపడిపోయింది. ఇంటావిడ పక్కటెముకల కింద నొప్పి అంటే దానికీ వంకే పెట్టాడు. నొప్పి నిజమని తేలేసరికి చెయ్యి దాటిపోయింది. ఆవిడ పోయాక కూతురు వేరే గది తీసుకుంది. ఏడాదిగా ఫోనెత్తదు.

ఆ పిల్ల వారానికోసారి గోదాం మేడ మీద నాటకాల క్లాసుకు వెళ్తుందని తెలిసి, సిగ్గు చంపుకుని తానూ చేరాడు. అక్కడ రాసిన మాటలుండవు. ఎదుటివాళ్లు ఇచ్చింది ఒప్పుకోవాలి, దాని మీద ఇంకో మాట చేర్చాలి. ఆయనేమో నెల రోజులుగా ‘అబ్బే, అది కాదు’ అంటూ ప్రతి సీనునూ పురిట్లోనే చంపుతున్నాడు.

ఆ రోజు టీచర్ తండ్రినీ కూతురినీ ఎదురెదురుగా నిలబెట్టింది.

కూతురు ఖాళీ చేతులు చాచింది. “అమ్మ దుప్పటి. ఆ చివర పట్టుకో, మడత పెడదాం.”

పట్టుకున్నాడు. అలవాటు ఊరుకుంటుందా, వేళ్లతో నలిపి చూశాడు. “ఇక్కడ చిరిగిందమ్మా.”

గోడవార కూర్చున్న ఒకాయన కిసుక్కుమన్నాడు. “షావుకారు గారూ, గాలికి కూడా వంకేనా!”

కూతురు నవ్వలేదు. ఆ చిరుగునూ ఒప్పుకుంది. “అమ్మే చింపింది. నొప్పికి ఓర్చుకోలేక పళ్లతో కొరికేది. పక్కగదిలో నీకు వినపడేది.”

‘అబ్బే’ నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాడు.

“వినపడేది. నిద్రపోయినట్టు పడుకునేవాణ్ణి. లేస్తే నాదే తప్పని ఒప్పుకోవాలి గదా.”

మడత మీద మడత పడి ఇద్దరి వేళ్లూ తగిలాయి. టీచర్ చప్పట్లు కొట్టింది. “సీనంటే ఇదీ!”

క్లాసయ్యాక మెట్ల దగ్గర కూతురు ఆగింది. “నాన్నా, ఇందాక చెప్పింది నిజమేనా, సీను కోసమా?”

నిజమే, ఇంటికి రా తల్లీ అంటే సరిపోయేది. కానీ ధర ముందు చెప్పినవాడిదే నష్టమన్నది ఆయన నరాల్లో ఇంకిపోయింది. లేని నవ్వు తెచ్చుకున్నాడు. “నీకేమనిపించింది?”

ఆమె ఆ నవ్వు చూసింది.

“బాగా చేశావనిపించింది” అని, సంచి భుజాన వేసుకుని దిగిపోయింది.

“అది కాదే, విను...” అంటూ ఆయన రెండు మెట్లు దిగేలోపు కింద వీధి తలుపు మూసుకుంది.

మరుసటి వారం ఆ పిల్ల క్లాసుకు రాలేదు. టీచర్ ఆయన ఎదుట ఇంకెవరినో నిలబెట్టింది.