మెట్ట ఎక్కించిన గొలుసు

నేను ఒక కరెంటు సైకిలుకి గొలుసుని. కరెంటు సైకిలు కనబడగానే అందరూ బ్యాటరీ ఎంత దూరం వస్తుంది, మోటారు ఏ కంపెనీది అని అడుగుతారే గాని, గొలుసు ఎలా ఉందని అడిగిన మనిషిని నేను చూడలేదు. ఆ మోటారు బలమంతా వెనక చక్రానికి చేర్చేది నేనే. మామూలు సైకిలు గొలుసు మనిషి కాళ్ల బలం ఒక్కటే మోస్తుంది. నా మీద కాళ్లూ పడతాయి, మోటారూ పడుతుంది. అందుకే మా ఆయుష్షు తక్కువ. ఇది గొప్పకి చెప్పడం లేదు. సరే, కాస్త గొప్పకే చెబుతున్నాననుకోండి.

ఉక్కు రేకుని అచ్చులో కొట్టి, ముక్కకీ ముక్కకీ మధ్య పిన్ను దిగ్గొట్టి నన్ను తయారు చేశారు. సైకిలుకి తగిలించాక విశాఖపట్నంలో ఒక కొట్టు అద్దాల వెనక కొన్నాళ్లు ఊరికే నిలబడ్డాను. తర్వాత కంచరపాలెం నుంచి మొగుడూ పెళ్లాం వచ్చి మమ్మల్ని ఇంటికి తీసుకెళ్లారు. ఆయన ముత్యాలు, ఆమె సన్యాసమ్మ. పేరుకే సన్యాసమ్మ గాని, మొగుడంటే ఆమెకి ఉన్నంత మమకారం నేను ఇంకెక్కడా చూడలేదు.

తెల్లారేసరికి ఆమె అమ్మకానికి ఇడ్లీలు వండేది. ఆయన క్యాన్లు సైకిలు మీద కట్టుకుని, దగ్గర్లో గుట్టలా ఉన్న మెట్ట మీదికి చేర్చేవాడు. ఆమె ఇల్లు సర్దుకుని, కాసేపాగి నడిచివచ్చి వడ్డించేది. సైకిలు కొనకముందు ఆయనకి గుండెపోటు వచ్చి, స్టెంటు వేశారట. బరువులు తొయ్యకూడదని డాక్టరు గట్టిగా చెప్పాడు. ఇంట్లో కూర్చోబెడితే మాత్రం ఆ మనిషి బెంగతోనే పోయేటట్టున్నాడు. అందుకని ఈ సైకిలు. నేను సరిగ్గా లాగినంతకాలం ఆయన గుండె మీద బరువు పడదు. ఆ సంగతి నాకు తెలుసు, ఆమెకి ఇంకా బాగా తెలుసు.

అక్కడే వచ్చింది చిక్కు. శుక్రవారం తలంటుకుని, పుస్తెలతాడుకి పసుపు రాసుకున్నాక, అదే చేత్తో నా దగ్గరికి వచ్చేది. మొగుణ్ణి కాపాడుతున్నదానికి పసుపు రాయకుండా ఎలా ఉండగలదు? నువ్వులనూనెలో పసుపు కలిపి నా నిలువెల్లా పట్టించేది. ఆ వేళ్లు ఎంత మెత్తగా ఉండేవో చెప్పలేను. అంత ప్రేమగా నన్ను ముట్టుకున్నవాళ్లు లేరు. కాని ఆ జిడ్డుకి మెట్ట మీది ఎర్రమట్టి అంటుకునేది, అది నా పిన్నుల్లోకి దిగి లోపల్లోపల నూరేది. గొలుసు సాగిందంటారు గాని, ఉక్కు సాగదు. పిన్నులు అరిగి సందులు పెరుగుతాయి, అంతే. శుక్రవారం శుక్రవారం నేను ముద్దులతోనే అరిగిపోయాను.

పొడవు పెరిగిన గొలుసు పళ్ల చక్రం మీద కుదురుగా కూర్చోదు. మెట్ట సగం ఎక్కాక టక్కున జారిపోయేదాన్ని. మోటారు ఉత్తినే తిరిగేది. ముత్యాలు దిగి, క్యాన్లతో సహా సైకిలుని తోసుకుంటూ పోయేవాడు. ఇంట్లో ఒక్క ముక్క చెప్పలేదు. చెబితే ఈ పని కూడా మాన్పించేస్తుందని భయం. ఆయన ఆయాసం నాకు వినబడుతుండేది. నాకు నోరుంటే ఆమెని కేకేసి పిలిచేదాన్ని.

ఒక రోజు ఆయన గుండె పట్టుకుని దారి పక్క అరుగు మీద కూలబడ్డాడు. వెనక నడిచి వస్తున్న సన్యాసమ్మ చూడనే చూసింది. ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్తే, ఈసారికి గండం లేదు, ఇంకోసారి ఇలా తోస్తే మాత్రం చెప్పలేమన్నారట. ఇంటికి వచ్చాక ఆమె చేసిన మొదటి పని ఏమిటో తెలుసా? నాకు ఇంకో దోసెడు పసుపు పూసింది.

మర్నాడు మెకానిక్కు గౌరునాయుడు ఇంటికే వచ్చి, కొలత బద్ద నాలో దూర్చి చూసి పెదవి విరిచాడు. గొలుసూ మార్చాలి, దాంతోపాటు అరిగిన పళ్ల చక్రమూ మార్చాలన్నాడు. ఎందుకిలా అయిందని ఆమె అడిగింది. నొప్పించడం ఇష్టం లేక కాసేపు నసిగి, చివరికి పసుపూ నూనే మట్టిని పట్టేశాయని చెప్పాడు.  తన చేత్తో తనే చేసుకున్నానని సన్యాసమ్మ కుమిలిపోయింది. అయినా నన్ను తియ్యనివ్వలేదు. ఇన్నాళ్లు పసుపు రాసినదాన్ని విప్పి పారెయ్యడమంటే ఆమెకి తాడు తెంపుకోవడమే అనిపించింది. గుమ్మంలో అడ్డంగా కూర్చుంది. గౌరునాయుడు పానాలు సర్దుకోబోయాడు.

మంచం మీది ముత్యాలు లేచి వచ్చి ఆమె పక్కన కూర్చున్నాడు.

"ఒలే, తాడు నలిగిపోతే నువ్వు మార్చుకోవేటి? కొత్తది మెడలో పడ్డాకే కదా పాతది తీస్తావు. తాడు మార్చినప్పుడల్లా నాకేటైనా అయిపోనాదా?"

ఆమె గుమ్మంలోంచి లేచింది. తర్వాత లోపలికి వెళ్లి, దారానికి పసుపుకొమ్ము కట్టి తెచ్చి హ్యాండిలుకి ముడేసింది. కొత్త గొలుసు సైకిలు మీద పడ్డాకే పాతది విప్పాలని షరతు పెట్టింది. గౌరునాయుడు అలాగేనమ్మా అన్నాడు. ఎలాగూ కొత్తదాని పొడవు నా పక్కన పెట్టి చూసుకోవాల్సిందే. అలా ఒక్క నిమిషం మేమిద్దరం ఒకే సైకిలు మీద పక్కపక్కన ఉన్నాం. కొత్తపిల్ల తళతళలాడుతోంది. నాకు అసూయ కలగలేదు, నిజం. త్వరగా కానివ్వండి, ఈయన గుండె ఇంకో తోపుడు తట్టుకోలేదు అనిపించింది. పిన్ను ఊడగొట్టగానే ఆమె ఒళ్లో పడ్డాను.

పాత తాడుని నీళ్లలో కలిపినట్టు నన్నూ సముద్రంలో కలపాలని గుడ్డలో చుట్టి హ్యాండిలు సంచిలో వేసింది. ముత్యాలు తేరుకుని మళ్లీ పనిలోకి దిగిన మొదటి రోజు సంచిలో కూర్చునే మెట్ట ఎక్కాను. ఆమె క్యారియరు పట్టుకుని వెనక పరుగులాంటి నడక నడుస్తోంది, జారితే తనే తోద్దామని. ఎక్కడా జారలేదు. కొత్త పళ్ల చక్రం మీద కొత్త గొలుసు చప్పుడు లేకుండా లాక్కుపోయింది.

మెట్ట మీద ఇడ్లీల కోసం జనం నిలబడి ఉన్నారు. నలుగురిలో మొగుడి పక్కన నిలబడడానికే సిగ్గుపడే సన్యాసమ్మ, వాళ్లెవరినీ చూడకుండా ఆయన చొక్కా మీద అరచెయ్యి ఆనించింది.

"నిమ్మళంగానే కొట్టుకుంటన్నాది మావా" అంది, కళ్లనీళ్లు తుడుచుకోకుండానే.

"నాది సరే, నీదే పరిగెడతన్నాది. కూకో. ఈపూట నేను పెడతాను."

ఆయన క్యాను మూత తీశాడు. మొదటి ప్లేటు ఆమెకే పెట్టాడు.