మంచులో పదహారు మైళ్ళు

సాంబశివరావు జీపును కాలువలోకి దింపింది అరవై తొమ్మిది వేసవిలో. సొంతూరు భట్టిప్రోలు నుంచి రేపల్లె వెళుతూ, ముందున్న బస్సును దాటి తీరాలన్న పంతంతో వంతెన దగ్గర పక్కకు కోశాడు. కాలువకు నీళ్ళు కట్టేసిన రోజులు కాబట్టి మునిగిపోలేదు. జీపు బురదలో ఒరిగి, అతని ఎడమకాలు మోకాలి దగ్గర నలిగింది. నాలుగు నెలలు మంచం మీద ఉన్నాడు. లేచాక చేతికర్రతో నడవగలిగాడు కాని, ఆ కాలితో క్లచ్చి తొక్కడం ఇక కుదరదని డాక్టరు చెప్పేశాడు.

మెకానిక్కు జీపును బాగుచేసి తెచ్చి పాకలో పెట్టాడు. దాని మీద పాత గోనెపట్టా కప్పారు. కోళ్ళు సీట్ల కింద గుడ్లు పెట్టడం మొదలుపెట్టాయి.

"అమ్మేద్దాం. చూస్తుంటే కాలు సలుపుతోంది" అన్నాడు సాంబశివరావు ఒకరోజు భోజనాల దగ్గర.

"అమ్మొద్దండి. నేను నేర్చుకుంటాను" అంది అతని భార్య శివపార్వతి.

ఆమెకప్పుడు ముప్ఫై రెండేళ్ళు. భర్త మంచాన పడ్డప్పటి నుంచి పిట్టలవానిపాలెంలో ఉన్న తన పుట్టింటి పొలాన్ని ఆమే చూసుకుంటోంది. పొద్దున వెళితే రెండు బస్సులు మారి పొద్దుగూకాక ఇల్లు చేరేది. కోతల రోజుల్లో ఒక బస్సు తప్పిపోతే ఆ రోజు పని అంతటితో సరి.

సాంబశివరావు నవ్వాడు. ఆమె నవ్వకపోయేసరికి ఆపాడు.

"ఎవరు నేర్పుతారు నీకు?"

"సింగరయ్య."

అత్తగారు అచ్చమ్మ మజ్జిగ వడ్డిస్తూ ఆగిపోయింది. "ఆడకూతురు జీపెక్కి రోడ్డు మీద పడితే జనం ఏమనుకుంటారే?"

"రోడ్డు మీద పడకుండా ఉండటానికేగా అత్తయ్యా, నేర్చుకుంటానంటున్నాను!"

సింగరయ్య వాళ్ళ పశువుల పాకా, ధాన్యం కొట్టూ చూసుకునే మనిషి. నిజాంపట్నం వైపు చేపలవాళ్ళ కుటుంబంలో పుట్టి, ఇరవై ఏళ్ళు వచ్చేదాకా పడవ మీద పనిచేశాడు. తర్వాత ఎండుచేపల లారీ ఎక్కి పాతికేళ్ళు తోలాడు. ఒక్క మనిషికి గీత కూడా పడనివ్వలేదని రేపల్లెలో పేరు. మూడేళ్ళ కిందట, మునిమాపు వేళ చెరుకుపల్లి దాటాక, ఎదురుగా వస్తున్న సైకిలు మనిషి చక్రం పక్కకు వచ్చేదాకా అతని కంటికి ఆనలేదు. ఆ మనిషికేమీ కాలేదు. అయినా సింగరయ్య లారీని తిన్నగా యజమాని ఇంటి ముందు ఆపి, తాళంచెవి చేతిలో పెట్టి, "కళ్ళకు పొర వచ్చిందండి, ఇక తోలకూడదు" అని నడిచి వచ్చేశాడు. ఎవరూ అడగని పని అది. శివపార్వతి అతన్ని ఎంచుకున్నది అందుకే.

"చూపు లేనోణ్ణి నేనేం నేర్పుతానమ్మగారూ?" అన్నాడు.

"నీకు చెవులున్నాయిగా బాబాయ్."

మొదటి వారం ఆమెను స్టీరింగు ముట్టుకోనివ్వలేదు. రోజూ పొద్దున్నే జీపు చుట్టూ తిప్పేవాడు. టైర్లు నొక్కి చూడాలి, రేడియేటరులో నీళ్ళు చూడాలి, కింద నూనె కారిందేమో వంగి చూడాలి, బ్రేకు తొక్కితే కాలికి గట్టిగా తగులుతోందో లేదో చూడాలి. రెండో వారం కళ్ళంలోకి తీసుకెళ్ళాడు. నూర్పిళ్ళయిపోయి ఖాళీగా ఉన్న కళ్ళం అది. ముందు సీటు కింద నిండా నీళ్ళు పోసిన చెంబు పెట్టి, "నీళ్ళు ఒలక్కుండా కదలాలి, ఒలక్కుండా ఆగాలి" అన్నాడు. మొదటిరోజు ఆమె చీర కుచ్చెళ్ళు తడిసి ముద్దయ్యాయి. అంచు పెడళ్ళకు తగలకుండా మర్నాటి నుంచి చీర కాస్త ఎత్తి కట్టుకుంది. పదో రోజుకు చెంబు నిండుగానే ఇంటికి వచ్చింది.

ఆ తర్వాత కాలువ కట్ట. ఆమె నిదానంగా పోతుంటే పక్క సీట్లో కళ్ళు మూసుకుని కూర్చున్న సింగరయ్య ఉన్నట్టుండి "దూడ!" అని అరిచేవాడు. దూడా ఉండదు, గేదే ఉండదు. ఆ కేక వినగానే జీపు ఆగాలి.

"ఎన్నడుగులు పోయింది?"

"ఇరవై అడుగులు పోయుంటుంది బాబాయ్."

"ఆ దూడ చచ్చిపోయిందమ్మగారూ. మళ్ళీ పదండి. కనపడినంత దూరంలో ఆపగలిగినంత జోరే మీది. అంతకుమించి ఒక్క మైలు కూడా మీది కాదు."

గేర్లు పడే చప్పుడు విని తప్పు చెప్పేవాడు. వంతెన ఎక్కుడులో ఆపించి, వెనక్కి జారకుండా మళ్ళీ ఎక్కించేవాడు. కాలువలో బట్టలుతికే ఆడవాళ్ళు మొదట్లో నోళ్ళు నొక్కుకున్నారు. నెల తిరిగేసరికి, జీపు ఎక్కుడులో జారకుండా కదిలిందంటే "భేష్ అమ్మాయ్!" అని గట్టు మీది నుంచే అరిచేవారు.

లైసెన్సు పరీక్ష తెనాలిలో. బ్రేకు ఇన్‌స్పెక్టరు పాండురంగారావు ఆమె కాగితాలు చూసి, వెనక నిలబడ్డ సాంబశివరావు వైపు చూశాడు.

"పరీక్ష మీకాండి?"

"నాకు కాదండి. నేను పడేసినవాణ్ణి" అన్నాడు సాంబశివరావు.

ఇన్‌స్పెక్టరు ఆమె పక్కన కూర్చుని బజారు మధ్యగా పోనివ్వమన్నాడు. రిక్షాలు, అరటి గెలల బళ్ళు, సినిమా వదిలిన జనం. వంతెన ఎక్కుడులో ఆపమన్నాడు. ఆమె హ్యాండుబ్రేకు వేసి, ఆపి, అంగుళం వెనక్కి పోకుండా కదిలించింది. సందులోకి వెనక్కి పెట్టమంటే మాత్రం ఆమె జీపు ఆపి కిందకు దిగింది.

"దిగారేంటండి?"

"వెనక పిల్లలెవరైనా ఆడుకుంటున్నారేమో చూసొస్తానండి."

ఆమె చూసొచ్చి జీపును సందులోకి పెట్టాక పాండురంగారావు దిగాడు. కాగితం మీద సంతకం పెట్టి, "ఈ పని నేను కూడా చేయనమ్మా" అన్నాడు.

డెబ్భై ఒకటి, పుష్యమాసం. డెల్టా అంతటా తెల్లవారితే మంచు. కోతలై, వరిగడ్డి బళ్ళు రోడ్లెక్కే రోజులు. సింగరయ్య కూతురు పేరంటాలు తొలికానుపుకని తండ్రి దగ్గరకు వచ్చి ఉంది. ఆమె మొగుడు లక్ష్మయ్య సముద్రం మీద వేటలో ఉన్నాడు. ఆ పిల్లకు వేకువజామున నొప్పులు మొదలయ్యాయి. తెల్లగా తెల్లవారాక మంత్రసాని బయటకు వచ్చి, అరచేతులు కొంగుకు తుడుచుకుంటూ, "బిడ్డ అడ్డం తిరిగింది. నా వల్ల కాదు, తెనాలి తీసుకెళ్ళండి" అంది.

తెనాలి పదహారు మైళ్ళు. రైలుకు ఇంకా రెండు గంటలుంది. శివపార్వతి అప్పటికే పట్టా లాగేసి టైర్లు నొక్కి చూస్తోంది.

"అవన్నీ ఇప్పుడెందుకమ్మగారూ, ఎక్కండి!" అన్నాడు సింగరయ్య. అతని గొంతు అలా ఆమె ఎప్పుడూ వినలేదు.

వెనక పరుపు వేసి పేరంటాల్ని పడుకోబెట్టారు. ఆమె తల ఒళ్ళో పెట్టుకుని అచ్చమ్మ కూర్చుంది. సింగరయ్య ముందు ఎక్కాడు. ఊరు దాటేసరికి లోకమంతా తెల్లటి గోడలా ఉంది. రోడ్డు పక్క చెట్లు కూడా దగ్గరకు వచ్చాకే కనపడుతున్నాయి. స్పీడు ముల్లు పదిహేను మైళ్ళ మీద నిలబడింది.

పేరంటాలు మూలిగినప్పుడల్లా సింగరయ్య సీట్లో కదిలాడు. పెనుమర్రు దాటాక ఇక పట్టలేకపోయాడు.

"ఇట్టా పోతే ఎప్పటికి చేరతామండీ? తొక్కండి!"

"కనపడటం లేదు బాబాయ్."

"పెద్ద లైట్లు వెయ్యండి!"

"పెద్ద లైట్లేస్తే మంచు ఇంకా తెల్లగా కొడుతుంది. నువ్వే చెప్పావు."

ఆమె చిన్న లైట్లతోనే, అద్దం లోపలి చెమ్మను గుడ్డతో తుడుచుకుంటూ, మలుపు మలుపుకీ హారన్ కొట్టుకుంటూ పోనిచ్చింది. వేమూరు దాటారు. వెనకనుంచి పేరంటాలు "నాన్నా" అని పెద్దగా అరిచింది. సింగరయ్య చెయ్యి స్టీరింగు మీద పడింది.

"దిగండి. నేను తోలతాను. పాతికేళ్ళు తోలిన రోడ్డిది, కళ్ళు మూసుకుని తోలతాను."

శివపార్వతి జీపు పక్కకు తీసి ఆపింది. ఇంజను ఆడుతూనే ఉంది. అతని చెయ్యి మీద తన చెయ్యి వేసింది.

"బాబాయ్, నా మాట విను. నీ కూతురు వెనక ఉంది, మా అత్తయ్య ఉంది. నీ అంతట నువ్వే తాళం అప్పగించేసిన మనిషివి. ఇవాళ నీకు తాళం ఇవ్వను. ఎంత అరిచినా ఇవ్వను. నేను చేరుస్తాను. చెయ్యి తియ్యి."

వెనకనుంచి అచ్చమ్మ గొంతు వచ్చింది. "సింగరయ్యా, చెయ్యి తియ్యరా. పిల్ల చక్కగా తోలుతోంది."

అతను చెయ్యి తీశాడు. తువ్వాలు ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. జీపు మళ్ళీ కదిలింది.

మైలు కూడా పోలేదు. తెల్లదనంలో ఎదురుగా నల్లగా ఒక ముద్ద కనపడింది. ఆమె కాలు దానంతటదే బ్రేకు మీదకు వెళ్ళింది. జీపు సాఫీగా ఆగింది. ఆమె దిగి చూసింది. నిండా వరిగడ్డి వేసిన బండి, ఇరుసు విరిగి రోడ్డుకు అడ్డంగా కూలబడి ఉంది. బంపరుకూ దానికీ మధ్య నాలుగు బారలుంటుంది. బండి చక్రానికి చేరగిలబడి ఇద్దరు మనుషులు దుప్పట్లు కప్పుకుని కూర్చున్నారు. ఆమెను చూసి లేచి నిలబడ్డారు.

సింగరయ్య కూడా దిగి, చేతులు చాపి నడిచి, గడ్డిని తడిమాడు. తర్వాత ఆ ఇద్దరి వైపు చూశాడు.

బండిని జరపాలంటే గంట పడుతుంది. కుడివైపు కాలువ. ఎడమవైపు మట్టి అంచు, దాని పక్కన చేలకు నీళ్ళు పోయే పంటబోదె. అంచు మీదుగా జీపు పడుతుందా లేదా అన్నది కూర్చున్నచోటు నుంచి తేలదు. శివపార్వతి తన అడుగులతో కొలుచుకుంది. జీపు వెడల్పుకన్నా జానెడు ఎక్కువుంది.

"బాబాయ్, అంచు గట్టిగా ఉందో మెత్తగా ఉందో నీ కాలికి తెలుస్తుంది. నువ్వు బోదె పక్కనే ముందు నడు. నీ తువ్వాలు చూసుకుంటూ నీ వెనకే వస్తాను. మెత్తగా తగిలితే చెయ్యెత్తు." బండివాళ్ళ వైపు తిరిగి, "అన్నా, మీలో ఒకరు ఆ చివరకు పోయి, ఎదురొచ్చే బస్సునీ లారీనీ ఆపండి. ఇంకొకరు ఎద్దుల్ని పట్టుకోండి" అంది.

సింగరయ్య తెల్ల తువ్వాలు ఊపుతూ, చెప్పులు విడిచి, ఒక్కొక్క అడుగూ నొక్కి చూసుకుంటూ నడిచాడు. ఆమె మొదటి గేరులో, క్లచ్చి మీద కాలు తేలుస్తూ, అతని వెనకే వచ్చింది. వరిగడ్డి జీపు పక్కను రాసుకుంటూ గరగరలాడింది. ఒకచోట అతని చెయ్యి లేచింది. ఆమె ఆగింది. అతను రెండు మోపుల గడ్డి లాగి అక్కడ తొక్కి, మళ్ళీ నడిచాడు. చక్రం దాని మీదుగా ఎక్కి వచ్చేసింది. అవతల తారు తగిలాక సింగరయ్య ఎక్కి కూర్చుని, "పోనివ్వండమ్మగారూ. మీ నిదానంలోనే పోనివ్వండి" అన్నాడు.

జంపని దాటేసరికి మంచు పలచబడింది. ముల్లు ఇరవై, పాతిక, ముప్ఫై మీదకు వెళ్ళింది. తెనాలి ఆసుపత్రి ముందు ఆగినప్పుడు ఇంకా ఎనిమిదిన్నర కాలేదు.

లేడీ డాక్టరు వెంటనే ఆపరేషను గదిలోకి తీసుకెళ్ళింది. వరండాలో బల్ల మీద సింగరయ్య, శివపార్వతి చెరో చివర కూర్చున్నారు. గంటన్నర గడిచాక నర్సు వచ్చింది. ఆడపిల్ల. తల్లికి రక్తం కాస్త పోయింది గాని ప్రమాదం లేదు.

సింగరయ్య లేచి నిలబడి మళ్ళీ కూర్చున్నాడు.

"నేను తోలి ఉంటే ఆ గడ్డి బండిలోకి పెట్టేసేవాణ్ణి. పేరంటాలుతో పాటు ఆ చక్రం దగ్గర కూర్చున్నవాళ్ళు కూడా..." అని ఆగిపోయాడు.

"తోలలేదుగా."

"మీకు భయం వెయ్యలేదా అమ్మగారూ?"

"వేసింది. బండి దాటాక కూడా స్టీరింగును ఎంత గట్టిగా పట్టుకున్నానో నువ్వు చూడలేదు."

"చూపుంటేగా" అని అతను నవ్వాడు. నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నాడు.

అచ్చమ్మ పేరంటాలు దగ్గరే ఉంటానంది. సింగరయ్య కూడా ఉండిపోయాడు. శివపార్వతి ఆసుపత్రి ముందు బడ్డీలో కాఫీ తాగి, జీపు చుట్టూ ఒకసారి తిరిగి, టైర్లలో చిక్కుకున్న గడ్డి పీకేసి, ఎక్కి కూర్చుంది. పక్కన మనిషి లేకుండా ఆమె తోలడం అదే మొదటిసారి. ఎండ వచ్చింది. రోడ్డు పొడుగునా కోసిన చేల మీద కొంగలు వాలి ఉన్నాయి. వేమూరు బస్టాండు దగ్గర తట్టలతో నిలబడ్డ ఇద్దరు ఆడవాళ్ళు చెయ్యి ఎత్తితే ఎక్కించుకుంది. జీపు ఎవరు తోలుతున్నారో వాళ్ళు ఎక్కాకే చూశారు. కాసేపు ఒకరి మొహం ఒకరు చూసుకుని, తర్వాత ఆ ఏటి మినుముల గురించి మాట్లాడుకుంటూ కూర్చున్నారు.

ఇంటి గుమ్మంలో సాంబశివరావు కర్ర ఆనించి నిలబడి ఉన్నాడు. విషయమంతా విన్నాడు. జీపు కుడి పక్కన గడ్డి గీసిన గీతల మీద వేలు పోనిచ్చాడు.

"రేపు బాపట్లలో పనుంది నాకు. విత్తనాల సంగతి వ్యవసాయ కాలేజీవాళ్ళతో మాట్లాడాలి. పొద్దున్నే బస్సుకు పోదామనుకున్నాను" అన్నాడు.

"బస్సెందుకండి? నేను తీసుకెళతాను."

"అయితే అయిదింటికే లేస్తాను."

"ఎనిమిదింటికి లేవండి. మంచు విడిచాక బయల్దేరదాం" అంది శివపార్వతి, జీపును పాకలోకి వెనక్కి పెట్టుకుంటూ.