నూరీ దుప్పటి

గుర్రాల సంగతి నాకు తెలిసినంత ఈ చుట్టుపక్కల ఎవరికీ తెలియదని అనుకునేవాణ్ని. మా నాన్న చిలకలూరిపేటలో జట్కా తోలాడు. జట్కాలు పోయాక నేను పెళ్లి ఊరేగింపులకు గుర్రాలు పెట్టాను. పర్చూరు నుంచి చీరాల దాకా గుర్రమెక్కిన పెళ్లికొడుకుల్లో సగం మందిని ఎక్కించింది ఈ మొహిద్దీన్ బాషానే. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, జరిగింది, తెలియనివాడు చేసిన తప్పు కాదు. అన్నీ తెలుసనుకున్నవాడు చేసింది.

నా దగ్గర రెండు ఆడగుర్రాలు ఉండేవి. నూరీ పదహారేళ్లది, తెల్లది. పక్కనే బ్యాండు మేళం మోగినా బెదిరేది కాదు. బిజిలీ మూడేళ్ల పిల్ల. జీను వేయించుకోవడం అప్పుడప్పుడే నేర్పుతున్నాను. దానికి ఒకటే రోగం, నూరీ లేకుండా పాక దాటి బయటికి వచ్చేది కాదు. నూరీ ముందు నడిస్తే సముద్రం దాకా వచ్చేది, ఒంటరిగా లాగితే నాలుగు కాళ్లూ నేలలో పాతేసేది. "నువ్వు కొన్నది గుర్రాన్ని కాదయ్యా, గుంజని" అని మా ఆవిడ అనీసా ఎగతాళి చేసేది.

మార్చిలో నూరీకి ముక్కు కారడం మొదలైంది. నేను పట్టించుకోలేదు. మా పాక పక్కనే మిరప కల్లాలు. ఆ ఘాటుకి మనుషుల ముక్కులే ఆగవు, గుర్రం ముక్కు ఎందుకు ఆగుతుంది? ఏటా కారేదే, కల్లాలు ఎత్తేశాక తగ్గేదే. అయితే ఈసారి చిక్కగా, పచ్చగా కారింది. వెనక కాలి మీద గడ్డలు లేచి చితికాయి. అప్పుడు పశువుల డాక్టరుకి కబురు పెట్టాను.

డాక్టర్ రాగసుధ గారు మా అమ్మాయి వయసు పిల్ల. గ్లౌజులు, మాస్కు వేసుకుని రెండింటికీ రక్తం తీశారు.

"గ్లాండర్స్ అనే అంటురోగమని అనుమానంగా ఉందండి. రిపోర్టు వచ్చేదాకా చిన్నదాన్ని దూరంగా కట్టేయండి. నీళ్ల బకెట్టు, దాణా తొట్టి, ఏదీ కలవకూడదు" అన్నారు.

"దానికి మందేంటమ్మా?"

"మందు లేదు బాషా గారూ. ఉందని తేలితే సూది వేసి చంపాల్సిందే, రూలు. మనుషులకీ అంటుకుంటుంది. కనీసం చిన్నదన్నా దక్కాలంటే ఈరోజే వేరు చేయండి."

నూరీ ఇక లేదని నాకు అక్కడే అర్థమైంది. బిజిలీనైనా బతికించుకోవాలి. అరకిలోమీటరు దూరంలో నా బావమరిది ఇమాం హుస్సేన్‌కి పొగాకు కాల్చే బ్యారన్ గది ఒకటి ఖాళీగా పడివుంది. అక్కడికి చేరిస్తే చాలు.

మా నాన్నయితే కొరడా తీసేవాడు. బెదిరే గుర్రాన్ని కొడితే బెదురు రెండింతలవుతుందని నాకు తెలుసు. పది అడుగులు నడిపించి, అది భయపడక ముందే ఆపి, ఉలవ గుగ్గిళ్లు పెట్టాను. ఇంకో పది అడుగులు. గేటు దాటేలోగా పాకలోంచి నూరీ సకిలించింది. బిజిలీ ముందుకాళ్లు పైకి లేపి, పగ్గంతో పాటు నా అరచేతుల తోలు కూడా లాక్కుని వెనక్కి ఉరికింది. మధ్యాహ్నం దాకా నాలుగుసార్లు అదే జరిగింది.

"ట్రాక్టరుకి కట్టి లాగుదాం బావా" అన్నాడు ఇమాం హుస్సేన్.

"మెడ విరుగుతుందిరా."

నా పద్ధతికి పదిహేను రోజులు కావాలి. మాకు పూట కూడా లేదు. అప్పుడు నా తెలివి పనిచేసింది. నూరీ వీపు మీద కప్పే దుప్పటి తీసి బిజిలీ మూతికి ఆనించాను. వాసన చూసి చెవులు రిక్కించింది. దుప్పటి భుజాన వేసుకుని వెనక్కి చూడకుండా నడిచాను. అది దుప్పటిలో మూతి దూర్చి మేకపిల్లలాగా బ్యారన్ దాకా వచ్చింది.

దుప్పటి అక్కడే తలుపు కొక్కేనికి తగిలించాను. కొత్త బకెట్టు, కొత్త తొట్టి తెచ్చాను. రోజూ బిజిలీని పొలం గట్టు దాకా తిప్పేవాణ్ని. మొదట దుప్పటి భుజాన వేసుకుని, తర్వాత మడతపెట్టి చంకలో పెట్టుకుని, తొమ్మిదో రోజుకి ఉత్త చేతులతో. నామీద నాకే ముచ్చటేసింది.

పదో రోజు రిపోర్టు వచ్చింది. నూరీకి ఉంది, బిజిలీకి లేదు. ఆ మధ్యాహ్నమే నూరీకి సూది వేశారు. నేను ఏడ్చాను, చెప్పుకోవడానికి సిగ్గేమీ లేదు. తర్వాత డాక్టరమ్మ బిజిలీని చూడటానికి బ్యారన్‌కి వచ్చారు.

"నూరీ లేకుండా కదలదన్నారుగా, ఒంటరిగానే బయటికి వస్తోందే. ఎలా మాన్పించారండి?"

గొప్పగా చెప్పాను. ఆవిడ తలుపుకి వేలాడుతున్న దుప్పటి వైపు చూశారు.

"దీంతో నూరీ ముక్కు తుడిచేవారా?"

తుడిచాను. పూటపూటా, బిడ్డకి తుడిచినట్టు, ఆ దుప్పటి అంచుతోనే తుడిచాను.

"బకెట్టు కలపలేదమ్మా" అన్నాను.

"మూడు వారాలయ్యాక మళ్లీ రక్తం తీస్తాను. మీరూ పరీక్ష చేయించుకోండి" అన్నారు. తిట్టలేదు. తిడితే బాగుండేది.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు దుప్పటిని తగలబెట్టాను. నా పరీక్షలో ఏమీ లేదన్నారు. నాకు సంతోషం కలగలేదు. రోజూ తెల్లారగానే బిజిలీ ముక్కు చూసేవాణ్ని. గట్టు దాకా తిప్పడం మానలేదు. తిప్పకపోతే ఏం చేయాలో తోచేది కాదు. దుప్పటి కాల్చిన పద్దెనిమిదో రోజు దాని ఎడమ ముక్కు తడిగా కనిపించింది. మిరప ఘాటే అనుకోబోయాను. కల్లాలు ఎత్తేసి అప్పటికి వారమైంది.

రెండో రిపోర్టు వచ్చాక బ్యారన్ వెనక బీడులో జేసీబీతో గొయ్యి తవ్వించి, సున్నం బస్తాలు దింపారు.

"ఇద్దరు మనుషుల్ని పిలిపించనా? మొండికేస్తుందేమో" అన్నారు డాక్టరమ్మ.

"అక్కర్లేదమ్మా."

తలుపు తీశాను. ఒక్కసారి, ఆ ఒక్కసారికి అది కాళ్లు పాతేస్తే బాగుండునని అల్లాని వేడుకున్నాను. పగ్గం వదులుగానే ఉండగా, బిజిలీ చెప్పినట్టల్లా వింటూ బయటికొచ్చింది. సగం దారిలో నా కాళ్లు ఆగిపోయాయి. అది ఆగలేదు. పగ్గం బిగిసేదాకా నడిచి, ఎందుకు రావడం లేదన్నట్టు వెనక్కి తిరిగి నా వైపు చూసింది.