చెప్పని పాస్‌వర్డ్

"ఏంటి, కూర్చున్నావు?"

ఫ్రిజ్ పైనున్న కెమెరాలోంచి భర్త గొంతు వినబడగానే, బీన్స్ తుంచుతున్న ఆమె ఉలిక్కిపడి లేచి నిలబడింది. అతను కార్ల షోరూములో మేనేజరు. అక్కడ కూర్చునే ఇల్లంతా చూస్తుంటాడు. కెమెరాలు పెట్టించేటప్పుడు దొంగల భయం అన్నాడు. దొంగలెవరూ రాలేదు గానీ, ఆమె ఫోన్లో ఎవరితో నవ్వింది, అత్తగారికి టీ ఎంత ఆలస్యంగా ఇచ్చింది, బాత్రూంలో ఎంతసేపుంది, అన్నీ సాయంత్రానికి విచారణకొచ్చేవి.

వంటావార్పూ ముగించి, ఆమె ఇంట్లోంచే ఒక కంపెనీకి కస్టమర్ల కాల్స్ తీసుకునేది. ఇంట్లో పనిచేసేవాళ్లంతా వైఫైకి గట్టి పాస్‌వర్డ్ పెట్టుకోవాలనీ, పేర్లూ పుట్టిన తేదీలూ ఉండకూడదనీ ఆ కంపెనీ గట్టిగా చెప్పింది. ఇంట్లో ఉన్నదేమో అతని పేరూ, అతను పుట్టిన సంవత్సరమూ. ఆ సాయంత్రం ఆమె భయంభయంగానే ఆ మాట కదిపింది.

"నా పేరు నీకు అడ్డమొచ్చిందా?"

కీబోర్డు మీద ఆమె వేళ్లుండగానే లాప్‌టాప్ మూత వేసి, రెండు చేతులతో అదిమాడు. లోపల ఏదో పుటుక్కుమంది. ఆమె అరిచిన అరుపుకి అత్తగారు గుమ్మంలోకి వచ్చి, "వాడి కోపం తెలిసీ ఎందుకమ్మా కదిలిస్తావు?" అని తన గది తలుపు వేసుకుంది.

పొద్దున అతను వెళ్లాక, వాచిన చేతిని ఒళ్లో పెట్టుకుని, రెండో చేత్తో ఆమె ఫోన్లో రౌటర్ సెట్టింగులు తెరిచింది. అక్కడా అతని పేరే తాళంచెవి. కొత్త పాస్‌వర్డ్ ఏం పెట్టాలి? పెళ్లిరోజు అతనిది. అమ్మ పేరు అతని నోట్లో తిట్టు. చిన్నప్పటి ముద్దుపేరు ఒకప్పుడు మురిపెంగా తనే చెప్పుకుంది, ఇప్పుడు జుట్టు పట్టుకుని ఆ పేరుతోనే పిలుస్తాడు. అతని చెయ్యి పడనిది తనలో ఇంకేమైనా మిగిలిందా? చాలాసేపటికి ఒక్కొక్క మాటా దొరికింది. ఒకదానికొకటి పొంతనలేని నాలుగు మాటలు, ఎవరికీ ఎప్పుడూ చెప్పనివి. వాటిని కలిపి పొడుగ్గా అల్లింది. సెట్టింగుల తాళం కూడా మార్చేసింది. వైఫై తెగిపోయి కెమెరాల లైట్లు ఎర్రబడ్డాయి.

వెంటనే ఫోన్ మోగింది. "కెమెరాలేమయ్యాయి? ఏం పెట్టావో చెప్పు."

"చెప్పను."

ఆ మాట తన నోట్లోంచే వచ్చిందా అని ఆమెకే ఆశ్చర్యమేసింది.

మధ్యాహ్నం కాకముందే వచ్చాడు. రౌటర్‌ని గోడకేసి కొట్టాడు. తర్వాత ఆమె తలని. "చెప్పు" అన్నప్పుడల్లా ఒక దెబ్బ. పెదవి చిట్లింది, ఒక చెవిలో హోరు మొదలైంది, కిందపడితే డొక్కలో తన్నాడు. పగిలిపోయిన డబ్బాకి పాస్‌వర్డ్ దేనికని కూడా అతనికి తోచలేదు. అతనికి కావలసింది వైఫై కాదని నేల మీద పడున్న ఆమెకి అర్థమైంది. ఒళ్లంతా అతని చేతికి చిక్కింది గానీ, ఆ నాలుగు మాటలు చిక్కలేదు. చివరికి అతనే ఆయాసపడుతూ సోఫాలో కూలబడి, "చెప్పవే" అన్నాడు. ఈసారి అతని గొంతులో భయముంది.

గోడ పట్టుకుని లేచింది. చెప్పులు కూడా వేసుకోకుండా బయటికి నడిచింది.

పోలీస్ స్టేషన్లో బల్ల వెనక ఉన్న ఆవిడ ముందు మంచినీళ్లిచ్చింది. అంతా విని, పెన్ను పక్కన పెట్టి నిట్టూర్చింది.

"వైఫై పాస్‌వర్డ్ కోసమా తల్లీ ఇన్ని దెబ్బలు? చెప్పేస్తే పోయేది కదా."

నోట్లోని నెత్తురు మింగి, ఆమె నెమ్మదిగా అంది:

"ఇన్నాళ్లూ అడిగినవన్నీ చెప్పాను మేడమ్. అప్పుడూ కొట్టాడు. రాసుకోండి."